వంశధార అడుగున కాపురమున్నవారి తరఫున

ఈస్టరు ఏర్పాట్ల నిమిత్తం టెక్కలిలోని మా బాప్టిస్టు సంఘ కమిటీ సమావేశమై, మొదటి అంశంగా షామియానాను, రెండవ అంశంగా పులిహోరను చర్చించి ముగించి, మూడవ అంశంగా మేడంగారి అర్జీని చేపట్టబోతుండగా, అర్జీదారు ఆ మధ్యాహ్నమే పలాస ఆసుపత్రిలో కన్నుమూశారని కబురు అందింది. సభ్యులందరూ లేచి మౌనం పాటించాలని వెంటనే తీర్మానించాం. తిరిగి ఎప్పుడు కూర్చోవాలో తీర్మానించుకోకపోవడం వల్ల చాలాసేపు నిలబడే ఉన్నాం. చివరకు మోకాళ్ళ నొప్పులున్న ఖజాంచిగారు ఎవరి అనుమతీ లేకుండా కూర్చున్నారు. మిగిలినవారం దానిని పూర్వోదాహరణగా స్వీకరించాం.

నేను ఆ కమిటీకి కార్యదర్శిని. మేడంగారికి ఎదురింటివాడిని. పలాస కాలేజీలో ఆమె దగ్గర జువాలజీ చదివి, బొద్దింక బొమ్మకు కాళ్ళు తక్కువ వేసి, ఆ శాస్త్రం నుండి గౌరవంగా విరమించుకున్నవాడిని. ఆమె నన్ను ఏనాడూ పేరుతో పిలవలేదు. వీధిలో కూరగాయల బండి దగ్గర ఎదురైనా “ఏటి సెక్రటరీ, నా కాయితం ఏ అరలో నిద్దరోతంది?” అని అడిగేవారు. ఆ కాయితం ఏమిటో పాఠకులకు తెలియజేయడం ఇప్పుడు నా విధి.

వంశధార అడుగున, రాళ్ళ కిందా ఇసుకలోనూ, వెన్నెముక లేని జీవులు కాపురముంటాయి. నత్తలు, ఆల్చిప్పలు, జలగలు, తూనీగ పిల్లలు, ఎర్రటి సన్న పురుగులు, రాయికి అంటుకుని బతికి రెక్కలొచ్చాక ఒక్క పూట ఎగిరి చచ్చిపోయే మరికొన్ని. మేడంగారు ఉద్యోగంలో చేరిన కొత్తలో మొదలుపెట్టి చివరిదాకా, వానలు వెళ్ళాక ఒకసారి, ఎండలు ముదరకముందు ఒకసారి, నదిలో ఒకే చోట దిగి ఈ జనాభాను పరిశీలించేవారు. ఎవరు పెరిగారు, ఎవరు తగ్గారు, ఎవరు ఊరు వదిలి వెళ్ళిపోయారు అన్నది ఆమె చూసేది. ఇందుకు ప్రభుత్వం ఆమెను నియమించలేదు. ఏ సంస్థా అడగలేదు. నదిలో ఉన్నవారు సైతం అడిగినట్టు దాఖలా లేదు.

“చేపల్ని లెక్కపెట్టొచ్చు గదండీ, కనీసం కూరకొస్తాయి” అని ఒకసారి నేను సూచించాను.

“చేపకి నీళ్ళు నచ్చకపోతే పక్కకి పోద్ది సెక్రటరీ. వీటికి పోడానికి చోటు లేదు. పారిపోలేనోళ్ళనే అడగాలి ఏం జరిగిందో.”

ఇక వివాదం. ఆ జీవులకు గులకరాళ్ళు పరిచిన గట్టి అడుగు కావాలి, నడుము లోపు నీరు కావాలి, వేసవిలోనూ ఆగని పారుదల కావాలి. ముంచి ఇచ్చే బాప్తిస్మానికి కూడా సరిగ్గా ఇవే కావాలి. అంత పొడవు నదిలో మా వైపు ఈ మూడూ కుదిరిన చోటు ఒక్కటే ఉంది. మా సంఘంలో మొదటి తరంవారు మునిగింది అక్కడే, ఏటా ఈస్టరుకు ముందురోజు మేము ముంచేదీ అక్కడే. మేడంగారు వల దించిందీ అక్కడే. ఈస్టరు ఆలస్యంగా వచ్చే ఏడు గొడవ లేదు, ఆమె పని ముందే అయిపోతుంది. తొందరగా వచ్చే ఏడు మాత్రం, ఆమె వెళ్ళేసరికి సంఘమంతా ఆ రాళ్ళ మీద నిలబడి మూడు పాటలు పాడి వచ్చేసి ఉంటుంది. ఆ తొక్కుడు తర్వాత దొరికిన పురుగులను బట్టి నది సంగతి చెప్పలేం, సంఘం బరువు మాత్రమే చెప్పగలం.

అందువల్ల బాప్తిస్మాలను ఆ చోటికి దిగువన, బండరాళ్ళు దాటాక జరపవలసిందని ఆమె అర్జీ. దిగువన ఇసుక కాళ్ళ కింద జారిపోతుందని, పూర్వులు మునిగిన చోటును మార్చే అధికారం తమకు లేదని కమిటీ అభిప్రాయం. ఏటేటా అర్జీ వచ్చేది. ఏటేటా అది “తదుపరి పరిశీలనకు” వెళ్ళేది. ఈస్టరు ఎప్పుడు రావాలన్నది మా కమిటీ పరిధిలో లేదని కూడా ఒకసారి లిఖితపూర్వకంగా తెలియజేశాం.

ఖజాంచిగారికి జీడిపిక్కల బట్టీ ఉంది. పప్పును చూడగానే గుండా, బద్దా, నూకా అని విడదీయగల మనిషి. అర్జీని ఆయన విడదీసిన తీరు ఇది.

“పురుగులకి ఓటుందేటి మేడం?”

“లేదు బావా. అందికే నేనొచ్చాను.”

ఆయన ఆమెకు ఏ వరుసా కాదు. వాదనలో ఓడిపోబోతున్నవారిని ఆమె బావా అనేవారు. నన్ను ఎప్పుడూ అనలేదు, నేను వాదించే దాకా వెళ్ళేవాడిని కాదు.

అప్పటి పాస్టరుగారు వృద్ధులు, సౌమ్యులు. “మేం పరలోకం సంగతి మాటాడతంటే మీరు పురుగుల సంగతి తెత్తారేటమ్మా” అని ఆయన నొచ్చుకున్నారు.

“రెండూ చూడనోళ్ళు ఎక్కువ మాటాడే సంగతులే కదండీ అయ్యగారూ” అని ఆమె వినయంగా మనవి చేశారు.

దానితో, చూసే మాట్లాడాలని కమిటీ పట్టుబట్టి, వాస్తవ పరిశీలనకు ఒక ఉపసంఘాన్ని వేసింది. మనుషుల పాదాల వల్ల నది అడుగున ఉన్నవారికి నిజంగా ఇబ్బంది కలుగుతుందా లేదా తేల్చడం దాని బాధ్యత. పాస్టరుగారు, ఖజాంచిగారు, ముగ్గురు పెద్దలు, కార్యదర్శి హోదాలో నేను. మేడంగారు వల దించవలసిన రోజుకు ముందురోజే వ్యాను కట్టించుకుని వెళ్ళాం. పంచెలు పైకి మడిచి, వివాదాస్పద స్థలంలోకి దిగి, ఈ చివర నుండి ఆ చివరకు, ఆ చివర నుండి ఈ చివరకు, ఎవరి వాటా పరిశీలన వారు నిష్పక్షపాతంగా జరిపాం. రాళ్ళు తిప్పి చూశాం. కొన్ని రాళ్ళు నచ్చకపోతే అవతలకు విసిరాం. ఒక పెద్దాయన ఎలాగూ వచ్చాం కదా అని స్నానం చేశారు.

ఆనవాలు రాళ్ళు సరిచూసుకోవడానికి వచ్చిన మేడంగారు గట్టు మీద గొడుగు వేసుకుని నిలబడి ఉండగా చూశాం.

“ఏటి తేల్చారు?” అని అడిగారు.

“ఏటీ కనబళ్ళేదమ్మా. పురుగన్నదే నేదు ఇక్కడ” అన్నారు ఖజాంచిగారు.

“కనబడవు బావా. మీ కాళ్ళ కిందున్నాయి.”

“మరి మీరూ కాలితోనే గదేటి కుళ్ళబొడుత్తారు? నాను సూళ్ళేదా?”

ఇది నిజమే. ఆమె పద్ధతి అది. నీటి అడుగున ఒక చదరపు ఇనుప చట్రం పెట్టి, దాని దిగువ పక్కన వల పట్టుకుని, చట్రంలోని రాళ్ళను కాలితో కదిపేవారు. కదిలినవి ప్రవాహంలో కొట్టుకొచ్చి వలలో పడేవి. వాటిని తెల్లటి ప్లాస్టిక్ పళ్ళెంలో పోసి, భూతద్దం పెట్టి చూసి, పేరు పేరునా పలకరించి, మళ్ళీ నీళ్ళలో వదిలేసేవారు.

“నేనెంత కదిపానో నాకు తెలుసు. మీరెంత కదిపారో మీకు తెలీదు. తేడా అంతే” అన్నారామె.

ఆ సంవత్సరపు గణాంకాల పక్కన, కారణం రాయవలసిన చోట, ఆమె వరద అని రాయలేదు, కరువు అని రాయలేదు. “కమిటీ” అని రాశారు. ఆ కాయితం ఒక సదస్సులో చదివారట. ఈ కమిటీ అనేది ఏ జాతి జీవి అని ఎవరో పెద్దాయన అడిగారట. వెన్నెముక సంగతి ఇంకా తేలలేదని ఆమె జవాబు చెప్పారని విన్నాం. విన్నది నిజమో కాదో నిర్ధారించడానికి మేము మరో ఉపసంఘం వేయలేదు.

ఆమె చాదస్తానికి మూలం ఎక్కడుందో మా వీధిలో అందరికీ తెలుసు, ఎవరూ మాట్లాడేవారు కాదు. ఆమెది ఉద్దానంలో కొబ్బరితోటల నడుమ ఒక ఊరు. తండ్రీ, ఇద్దరు అన్నదమ్ములూ మూత్రపిండాల జబ్బుతోనే పోయారు. ఆ ఊళ్ళకు డాక్టర్లు వచ్చారు, పెద్ద పెద్ద చదువులవాళ్ళు సీసాలు పట్టుకుని వచ్చారు, నీళ్ళు తీసుకెళ్ళారు. నీళ్ళలో ఉందన్నవారూ ఉన్నారు, లేదన్నవారూ ఉన్నారు. ఆమె మాత్రం ఏ మాటా అనేవారు కాదు. ఒకే ఒకసారి, అరుగు మీద కూర్చుని చిక్కుడుకాయలు వొలుస్తూ, నేను అడగకుండానే చెప్పారు.

“మా నాన్న చిన్నప్పుడు ఆ నుయ్యి ఎలాగుండేదని వాళ్ళడిగారు సెక్రటరీ. ఎవులు చెప్తారు? బాగున్నప్పుడు ఎవరూ చూసి పెట్టుకోలేదు. ఇప్పుడు సీసాలో పట్టుకెళ్ళి దేంతో పోలుస్తారు? ఒక్క చోటైనా, ఒక్క నీటినైనా, ఏమీ కాకముందు నుంచీ ఎవరో ఒకరు చూస్తుండాలి గదా.”

తర్వాత చిక్కుడుకాయల్లో పుచ్చులున్నాయని కూరగాయల బండివాణ్ణి తిట్టడం మొదలుపెట్టారు. ఆ చిక్కుళ్ళలో దొరికిన పురుగును కూడా పారేయకుండా ఒక ఆకు మీద పెట్టి కాసేపు చూశారు.

అలాగని ఆమెను మృదుహృదయురాలిగా చిత్రించి పాఠకులను తప్పుదోవ పట్టించలేను. శనివారం సాయంత్రం ఆమె ఇంట్లో నత్తగుల్లల కూర ఘాటు మా వంటింటిదాకా వచ్చేది. పగలు లెక్కపెట్టినవాటినే రాత్రి తింటున్నారని నేను పరిహాసమాడితే, అవి చెరువు గుల్లలనీ, తన నది జనాభాలో ఎవరినీ ఇంతవరకూ తినలేదనీ గంభీరంగా ఖండించారు. ఏడాదికి రెండుసార్లు ఆమె కేన్వాసు బూట్లు ప్రహరీ గోడ మీద ఆరేవి. మా వీధిలో వానలు వెళ్ళాయన్నది క్యాలెండరు చూసి కాదు, ఆ బూట్లు చూసి నమ్మేవారు. బాగుంది అన్న మాట మాత్రం ఆమె దగ్గర తేలిగ్గా దొరికేది కాదు. పాటల బృందం ఎలా పాడిందని అడిగినా, “పోయిన ఈస్టరుతో పోలిస్తే” అని మొదలుపెట్టేవారు.

ఇంతకంటే చిక్కు మరొకటి ఉంది. మేడంగారు బాప్తిస్మం పొందలేదు. పుట్టింది విశ్వాసుల ఇంట్లోనే, పెరిగింది మందిరంలోనే. మునగవలసిన ఏడు జ్వరం వచ్చింది. తర్వాత హాస్టలు చదువు. తీరిక దొరికేనాటికి ఆ చోటు ఆమె పరిశీలన స్థలం అయిపోయింది. “ఆ చోట తప్ప ఎక్కడ దించినా దిగుతాను” అని ఆమె, “ఆ చోటే” అని కమిటీ. రెండు పక్షాలకూ అది మనస్సాక్షికి సంబంధించిన విషయం. కాబట్టి ఎవరూ తగ్గలేదు. ప్రభువు బల్ల ఆదివారాల్లో ఆమె చివరి బెంచీలో కూర్చుని, రొట్టె పళ్ళెం వస్తే, అది బాప్తిస్మం పొందినవారికే గనుక తీసుకోకుండా, ఒలకకూడనిది ఏదో అందులో ఉన్నట్టు రెండు చేతులతో జాగ్రత్తగా పక్కవారికి అందించేవారు.

చివరి రెండేళ్ళూ ఆమెకు కూడా ఆ ఇంటి జబ్బే వచ్చింది. పలాస వెళ్ళి డయాలసిస్ చేయించుకుని బస్సులో తిరిగి వచ్చేవారు. “నా నీళ్ళు కూడా ఇప్పుడు ఎవరో పరిశీలిస్తున్నారు సెక్రటరీ, ఎప్పుడూ ఒకే మంచం మీద, పద్ధతిగానే ఉంది” అని చెప్పారు. అయినా నది మానలేదు. మందస నుండి కొత్తగా వచ్చిన పాస్టరుగారు, పాతికేళ్ళు దాటిన మనిషి, ఆమె చేయి పట్టుకుని నీళ్ళలో దించేవారు. అర్జీ మీద ఆయనకు అభిప్రాయం లేదు. పెద్దవాళ్ళ గొడవలో కొత్తవాళ్ళకు అభిప్రాయం ఉండకూడదని మందసలో చెప్పి పంపారు.

ఇప్పుడు మళ్ళీ ఆ సమావేశానికి వస్తాను. మేమందరం కూర్చున్నాక తలెత్తిన మొదటి సమస్య, మేడంగారిని ఎక్కడ ఉంచాలన్నది. సమాధుల తోటలో స్థలం బాప్తిస్మం పొందిన సభ్యులకే అని మా నిబంధన. దానిని చదివి వినిపించడం కార్యదర్శి పని గనుక చదివి వినిపించాను. ఎవరూ నా వైపు చూడలేదు.

“ఆయమ్మ ఆ నీళ్ళల్లో దిగినన్ని సార్లు మనం సెరువులో కూడా దిగుండం” అన్నారొక పెద్దాయన.

“దిగడం ఏరు, ములగడం ఏరు” అన్నారు ఖజాంచిగారు, ఆ మాట అన్నందుకు తన మీద తనకే కోపం వచ్చినట్టు.

అప్పుడు పాస్టరుగారు లేచారు. “మునిగారండి” అన్నారు.

మొన్న వానలు వెళ్ళాక జరిగిందట. వల ఎత్తి, పళ్ళెం చూసి, జీవులను వదిలేసి తిరిగి వస్తుండగా మేడంగారి కాలు జారింది. పట్టుకోబోయి పాస్టరుగారూ జారారు. ఇద్దరూ పూర్తిగా మునిగారు.

“పడతా పడతా నేను తండ్రీ అన్నానండి. నిజం చెప్పాలంటే అది భయంతోనే అన్నాను.”

ఖజాంచిగారు వేలు ఎత్తారు. “అంటే తండ్రి పేరు ఒకటే వొచ్చింది. ఇంకా ఇద్దరున్నారు.”

“లేచాక, ఇంకా నీళ్ళలోనే ఉన్నాం గదా అని, కుమారుని పేరు, పరిశుద్ధాత్మ పేరు కూడా చెప్పీసి, సమ్మతమేనా అమ్మా అని అడిగాను. ఆవిడ కళ్ళజోడు నీళ్ళు దులుపుకుని, సమ్మతమే గాని పాస్టరుగారూ, మీరు నా రాళ్ళ మీద నించున్నారు, అన్నారు. నేను పక్కకి జరిగాను. అప్పుడు ఆమెన్ అన్నారు.”

“మరి ఇన్నాళ్ళూ సెప్పలేదేటి అయ్యా?” అన్నారు ఖజాంచిగారు.

“ఆవిడే వద్దన్నారండి. అర్జీ ఇంకా పెండింగులో ఉంది, నేను ఆ చోటే మునిగానని తెలిస్తే కమిటీ గెలిచినట్టే, మళ్ళీ ఎవరూ దిగువకి వెళ్ళరు అన్నారు. తీర్మానం అయ్యేవరకు చెప్పనని నా చేత మాట తీసుకున్నారు.”

ఆ వానల తర్వాత గడిచిన ప్రతి ప్రభువు బల్ల ఆదివారం నాకు గుర్తు వచ్చింది. తీసుకునే హక్కు ఉండి కూడా ఆమె ఆ పళ్ళాన్ని రెండు చేతులతో పక్కవారికి అందించారు. ఆకలితో పంక్తిలో కూర్చుని, పక్కవాళ్ళ కోసం విస్తరి వదులుకున్నవారిని మనం గొప్పగా చెప్పుకుంటాం. ఈమె నీటి అడుగున ఉన్న, వెన్నెముక లేని, కృతజ్ఞత తెలపడానికి నోరు కూడా సరిగా లేని జీవుల కోసం ఆ పని చేశారు. అది కూడా మాకు తెలియకుండా.

సమాధుల తోటలో స్థలం ఏకగ్రీవంగా ఆమోదించాం. తర్వాత మూడవ అంశం మిగిలింది. అర్జీదారు మరణిస్తే అర్జీ రద్దవుతుందన్నది సాధారణ పద్ధతి అని నేను తెలియజేయవలసి వచ్చింది.

ఖజాంచిగారు బల్ల మీది గాజు గ్లాసును పక్కకు జరిపారు.

“అర్జీదారు ఆవిడేటి?” అన్నారు. “ఆవిడ వకీలు. ఇంతకాలం వాదించింది ఎవుల తరపున? ఆళ్ళందరూ నీళ్ళ కింద బతికే ఉన్నారు గదా. కేసు ఎలగ పోద్ది? రాయి సెక్రటరీ. దిగువనే.”

రాశాను.

ఈ ఏడు ఈస్టరు తొందరగా వచ్చింది. ముందురోజు శనివారం సంఘమంతా వ్యాన్లలో నదికి వెళ్ళాం. గట్టు మీద ఒకరి వెనుక ఒకరు నడిచి, బండరాళ్ళు దాటి, దిగువన దిగాం. ఇసుక మేము భయపడినట్టే జారింది. తెల్లబట్టలు వేసుకున్న పాస్టరుగారు ఒక్కొక్కరిని ముంచి లేపేసరికి తాను మరికొంత లోతుకు దిగిపోయేవారు. చివరివారికి వచ్చేసరికి ముంచేవారు ఎవరో మునిగేవారు ఎవరో చూసి చెప్పడం కష్టమైంది. ఖజాంచిగారు మోకాళ్ళ నొప్పులతోనే నీళ్ళలోకి వెళ్ళి, వెనుక నుండి ఆయన నడుం పట్టుకుని నిలబడ్డారు. ఎవరూ ఫిర్యాదు చేయలేదు. మరుసటి వారం, మేడంగారి దగ్గర చదివి ఇప్పుడు అదే కాలేజీలో అదే పాఠం చెబుతున్న లెక్చరరమ్మ వల దించుతానని ముందే చెప్పి ఉంచింది.

పాట జరుగుతుండగా అవతలి ఒడ్డు నుండి, మా పాత చోటుకు కాస్త ఎగువగా, ఒక పడవ వచ్చింది. పడవ నడిపే ముసలాయన ఆ రేవుకు పాతవాడు, మమ్మల్ని ప్రతి ఏడూ పైన చూసినవాడు.

“ఏటి బాబూ, ఇసకలో సస్తన్నారు? పైన మీ సోటు కాళీగానే ఉంది గదా” అని కేకేశాడు.

“ఖాళీ లేదు మావా. అక్కడ జనం ఉన్నారు” అన్నాను.

ఆయన అటు చూశాడు. ఎండ పడి అక్కడి నీళ్ళు గాజులా ఉన్నాయి, అడుగున గులకరాళ్ళు తప్ప ఏమీ కనబడటం లేదు. నా ముఖం వైపు ఒకసారి, మళ్ళీ ఆ నీళ్ళ వైపు ఒకసారి చూశాడు. పడవ ఆ చోటి మీదికి వచ్చేసరికి, అడుగున గుచ్చబోయిన గెడను ఆపి, పైకెత్తి పట్టుకున్నాడు. పడవ తనంతట తానే, ప్రవాహం ఎంత మోస్తే అంత, నెమ్మదిగా ఆ రాళ్ళ మీదుగా జారిపోయింది. ఎత్తి పట్టుకున్న గెడ కొస నుండి నీటి చుక్కలు ఒక్కొక్కటిగా రాలుతూనే ఉన్నాయి.